ఫెర్న్ విత్తనం కోసం మూడు వందల ఏళ్లు

ఫెర్న్ పూయదు, కాయదు, దానికి విత్తనం ఉండదు. అయినా కొండ లోయల్లో, వాగుల ఒడ్డున, పాత బావుల గోడల మీద ఏటేటా కొత్త ఫెర్న్‌లు పుడుతూనే ఉంటాయి. ఈ పుట్టుకకు ఐరోపా మొదట ఒక నమ్మకంతో, తర్వాత సూక్ష్మదర్శినితో, ఆపైన తోటమాలుల అనుభవంతో జవాబు వెతుక్కుంది. అసలు జవాబు 1851లో గానీ కుదురుకోలేదు. అప్పటికే ఇంగ్లండులో ఫెర్న్‌ల వ్యాపారం జోరు మీదుంది. నర్సరీల వాళ్లు ఆకుల అడుగున రాలే పొడిని చల్లి మొక్కలు మొలిపించి అమ్ముకుంటున్నారు. ఫెర్న్‌ను పెంచే పద్ధతి ముందు చేతికొచ్చింది, అది ఎలా పుడుతోందన్న సంగతి తర్వాత తెలిసింది.

నడివేసవి రాత్రి ఆచారం

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ తన ఔషధ గ్రంథంలో ఫెర్న్‌కు పువ్వూ కాయా లేవని రాశాడు. మధ్యయుగాల ఐరోపాకు ఆ మాట మింగుడుపడలేదు. సృష్టిలో ప్రతి మొక్కా తన విత్తనంతోనే పుట్టిందని బైబిలు చదువుకున్నవాళ్లు నమ్మారు. కనుక ఫెర్న్‌కూ విత్తనం ఉండి తీరాలి. కనిపించడం లేదంటే అది కంటికి ఆనని విత్తనమై ఉండాలి. అక్కడి నుంచి నమ్మకం ఇంకో అడుగు వేసింది: కనిపించని విత్తనాన్ని దగ్గర ఉంచుకున్న మనిషి కూడా ఎవరికీ కనిపించడు.

ఆ విత్తనం ఏడాదికి ఒక్క రాత్రే రాలుతుందని చెప్పుకునేవారు. అది జూన్ 23 రాత్రి, అంటే సెయింట్ జాన్ పండుగ ముందటి రాత్రి. చేత్తో తాకకుండా, తెల్లని గుడ్డ పరిచి దాన్ని పట్టాలని నియమం. షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకం మొదటి భాగంలో దొంగలు తమ దగ్గర ఫెర్న్ విత్తనం ఉందని, తాము ఎవరి కంటా పడమని గొప్పలు పోతారు. అప్పటి ప్రేక్షకులకు ఆ హాస్యం విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. తూర్పు ఐరోపాలో ఇదే నమ్మకం విత్తనం చుట్టూ కాక పువ్వు చుట్టూ అల్లుకుంది. నడివేసవి నాటి ఇవాన్ కుపాలా రాత్రి ఫెర్న్ ఒక్క క్షణం పూస్తుందని, ఆ పువ్వు దొరికినవాడికి నిధులు కనిపిస్తాయని ఉక్రెయిన్, రష్యా, పోలెండ్ పల్లెల్లో చెప్పుకునేవారు. రచయిత గొగోల్ 1830లో అచ్చువేసిన ఒక కథకు ఆ పువ్వే మూలం. లాత్వియా, లిథువేనియాల్లో నడివేసవి పండుగ నాడు ఫెర్న్ పువ్వు కోసం అడవికి వెళ్లడం నేటికీ వేడుకగా సాగుతోంది.

ఈ ఆచారాన్ని పరీక్షకు పెట్టినవాడు జర్మన్ మతబోధకుడు, మూలికా శాస్త్రజ్ఞుడు హీరోనిమస్ బోక్. మంత్రాలూ ముగ్గులూ లేకుండా, ఆ రాత్రే ఫెర్న్‌ల కింద గుడ్డలూ వెడల్పాటి ఆకులూ పరిచి చూశాడు. తెల్లారేసరికి వాటి మీద గసగసాల్లాంటి సన్నని నల్లని రేణువులు పడి ఉన్నాయి. 1539లో వెలువడిన తన మూలికా గ్రంథంలో ఆ సంగతి రాశాడు. ఫెర్న్ నుంచి ఏదో రాలుతోందన్నది నిజమే, దానికి మాయతో పని లేదని ఆ పరీక్ష తేల్చింది. రాలేది ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ఆకు అడుగున పొడి

బోక్ సమకాలికుడు వలేరియస్ కోర్డస్ 29 ఏళ్లకే చనిపోయాడు. ఫెర్న్‌లు ఆకు అడుగున ఉండే పొడి వల్లనే వ్యాపిస్తాయని అతను రాసిపెట్టుకున్నాడు. అతను పోయాక, 1561లో ఆ రాతలు అచ్చయ్యాయి. పదిహేడో శతాబ్దంలో సూక్ష్మదర్శిని వచ్చాక ఆ పొడిని దగ్గర నుంచి చూడడం వీలైంది. రోమ్‌లో లించెయి అకాడమీ స్థాపకుడు ఫెడెరికో చేజి 1620లలోనే ఫెర్న్ ఆకు అడుగు భాగాన్ని పరికించాడు. ఇంగ్లండులో నెహెమయా గ్రూ 1682 నాటి వృక్ష శరీర నిర్మాణ గ్రంథంలో ఆ పొడిని మోసే చిన్న చిన్న కోశాలను వర్ణించాడు.

ఆ కోశాలే సిద్ధబీజాశయాలు. ఆకు అడుగున గోధుమరంగు మచ్చల్లా కనిపించేవి వాటి గుంపులు. వీటిని సోరస్‌లంటారు. చాలా ఫెర్న్‌లలో ఒక్కొక్క ఆశయంలో 64 సిద్ధబీజాలుంటాయి, పొడిగా రాలేవి ఇవే. ఆశయం చుట్టూ మందపాటి గోడలున్న కణాల వలయం ఒకటి ఉంటుంది. గాలి పొడిబారినప్పుడు ఆ కణాల్లోని నీరు ఆవిరై వలయం వెనక్కి వంగుతుంది, ఆశయం చీలుతుంది. కణాల్లో మిగిలిన నీటి ధార ఇక సాగలేక తెగిపోగానే వలయం ఒక్కసారిగా ముందుకు విరుచుకుపడి సిద్ధబీజాలను విసిరేస్తుంది. ఒక పెద్ద ఫెర్న్ ఏడాదికి లక్షల్లో, కొన్ని జాతులైతే కోట్లలో సిద్ధబీజాలను ఇలా గాలికి వదులుతాయి.

చూసినవాళ్లకు ఆ పొడి ఏమిటో మాత్రం అంతుపట్టలేదు. కొందరు విత్తనమన్నారు, కొందరు పుప్పొడి అన్నారు. పుప్పొడి అయితే అండం ఎక్కడుందన్న ప్రశ్నకు జవాబు లేదు. లిన్నేయస్ 1735లో మొక్కలను పువ్వుల్లోని కేసరాలను బట్టి 24 తరగతులుగా విడగొట్టినప్పుడు, పువ్వు కనిపించని ఫెర్న్‌లు, నాచుమొక్కలు, శైవలాలు, శిలీంధ్రాలన్నిటినీ చివరి తరగతిలోకి నెట్టి దానికి క్రిప్టోగామియా అని పేరు పెట్టాడు. వాటి సంయోగం ఎక్కడో దాగి ఉందని ఆ పేరు ఒప్పుకుంది. ఎక్కడో చెప్పలేదు.

ముందుగా బయటపడింది నాచుమొక్కల, అంటే మాస్‌ల, రహస్యం. జర్మన్ వైద్యుడు యోహాన్ హెడ్విగ్ 1780లలో మాస్‌ల స్త్రీ, పురుష అవయవాలను గుర్తించాడు. వాటి సిద్ధబీజాలను చల్లి మొలిపించి, మొదట దారాల్లాంటి పచ్చని పోగులు పుట్టి వాటి మీద మొక్క లేస్తుందని చూపాడు. ఫెర్న్‌లలో కూడా అలాంటి అవయవాల కోసం శాస్త్రజ్ఞులు ఆకులన్నీ గాలించారు. ఆకు మీది నూగులో, సిద్ధబీజాశయాల చుట్టూ వెతికారు. దొరకలేదు, ఎందుకంటే అవి ఆకు మీద లేవు.

జమైకా నుంచి లివర్‌పూల్ దాకా

పొడి చల్లితే ఫెర్న్ మొలుస్తుందని వివరంగా రుజువు చేసినవాడు జమైకాలో పనిచేసిన శస్త్రవైద్యుడు జాన్ లిండ్సే. వానలు పడ్డాక నేల మీద లేత ఫెర్న్‌లు గుంపులుగా మొలవడం చూసి, సిద్ధబీజాలను కుండీలో మట్టి మీద చల్లి రోజూ సూక్ష్మదర్శినితో గమనించాడు. కొన్నాళ్లకు మట్టి పచ్చబడింది. ఆ పచ్చదనం చిన్న చిన్న పొలుసులుగా విస్తరించింది. ఒక్కో పొలుసు నుంచి ఒక్కో ఫెర్న్ ఆకు లేచింది. లిన్నియన్ సొసైటీ ఈ వివరణను 1794లో తన సంపుటంలో అచ్చువేసింది. వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ ద్వారా ఈ పద్ధతి లండన్‌లోని క్యూ తోటకు చేరింది. తర్వాత లివర్‌పూల్ బొటానిక్ గార్డెన్‌లో షెపర్డ్ దీన్ని నేర్పుగా సాగించాడు. ఎండబెట్టి కాగితాలకు అంటించిన పాత నమూనాల నుంచి గీకిన పొడితో కూడా మొక్కలు లేపాడు.

వేడి దేశాల ఫెర్న్‌లను వేళ్లతో సహా ఓడల్లో తెస్తే దారిలోనే చచ్చేవి. ఉత్తరంలో మడిచి పంపిన చిటికెడు పొడి మాత్రం బతికి వచ్చేది. అలా ఐరోపా తోటల్లోకి పదులకొద్దీ కొత్త జాతులు వచ్చాయి. లిండ్సే చూసిన పచ్చని పొలుసును అప్పటి వృక్షశాస్త్రజ్ఞులు బీజదళం లాంటిదనుకుని వదిలేశారు. విత్తనం మొలకెత్తినప్పుడు మొదట విచ్చుకునే ఆకుకు సాటిగా దాన్ని లెక్కవేశారు.

గాజు పెట్టెలూ ఫెర్న్ వ్యామోహమూ

ఫెర్న్‌ను ఇంటింటికీ చేర్చింది లండన్ మసి. తూర్పు లండన్‌లోని వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో ఉండే వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్ పెరట్లో రాళ్లు పేర్చి ఫెర్న్‌లు నాటితే, బొగ్గు పొగకు అన్నీ చచ్చిపోయాయి. 1829లో ఆయన ఒక చిలుక పురుగు గూడును తడి మట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు. కొన్నాళ్లకు ఆ మట్టిలో, ఎవరూ విత్తకుండానే, ఒక ఫెర్నూ ఒక గడ్డిమొక్కా మొలిచాయి. మట్టిలో ముందే పడి ఉన్న సిద్ధబీజానికి సీసాలోని తేమ సరిపోయింది. మసి అందని చోట అది హాయిగా పెరిగింది.

వార్డ్ ఆ సీసాను పెట్టెగా పెంచాడు. 1833లో హ్యాక్నీలోని లాడిజెస్ నర్సరీ సాయంతో రెండు గాజు పెట్టెల నిండా మొక్కలు సిడ్నీకి పంపాడు. అవి క్షేమంగా చేరాయి. అవే పెట్టెలు ఆస్ట్రేలియా ఫెర్న్‌లతో తిరిగొచ్చాయి. వార్డియన్ పెట్టె అని పేరుపడ్డ ఈ సాధనంతోనే తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను హిమాలయాలకు, ఇతరులు సింకోనా మొక్కలను నీలగిరులకు తెచ్చారు. ఇంగ్లండులో 1845లో గాజు మీద పన్ను ఎత్తేశాక పెట్టె ధర దిగింది, మధ్యతరగతి గదుల్లో కిటికీ పక్కన ఫెర్న్ పెట్టె వెలసింది.

ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాలను బ్రిటన్‌లో ఫెర్న్ వ్యామోహ కాలమంటారు. 1855లో రచయిత చార్లెస్ కింగ్స్‌లీ ఈ జాడ్యానికి టెరిడోమేనియా అని పేరు పెట్టాడు. అదే ఏడు థామస్ మూర్ బ్రిటిష్ ఫెర్న్‌ల గ్రంథాన్ని, నిజమైన ఆకును సీసపు పలకలో అదిమి తీసిన అచ్చుల బొమ్మలతో, వెలువరించాడు. రైళ్లు వేసినకొద్దీ డెవన్, వేల్స్, స్కాట్లండ్ లోయలకు జనం బుట్టలతో తరలారు. పల్లెల్లో తవ్విన ఫెర్న్‌లు లండన్ వీధుల్లో అమ్మకానికి వచ్చేవి. నర్సరీలు ఫెర్న్‌లకే ప్రత్యేకంగా ధరల పట్టికలు అచ్చువేశాయి. ఆకు చివరలు చీలినవి, ముడతలు పడినవి, జాలరుగా మారినవి ఎక్కువ ధర పలికేవి. ఐర్లండ్‌లోని కిల్లార్నీ ఫెర్న్‌ను జలపాతాల పక్క రాళ్ల నుంచి పీకి పీకి దాదాపు తుడిచిపెట్టారు. స్కాట్లండ్‌లోని మొఫట్ కొండల మీద వుడ్సియా అనే చిన్న ఫెర్న్‌కూ అదే గతి పట్టింది.

పొలుసు మీద దొరికిన జవాబు

జనం ఆకుల వెంట పడుతున్న కాలంలోనే శాస్త్రజ్ఞులు పొలుసు వైపు తిరిగారు. 1844లో స్విస్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి ఆ పొలుసు అడుగున చిన్న బుడిపెలను, వాటి నుంచి బయటికొచ్చి నీటిలో ఈదే మెలికల పోగులను చూశాడు. అవి పురుషబీజాలు. 1848లో పోలిష్ జమీందారు లెష్చిత్స్ సుమిన్‌స్కి బెర్లిన్‌లో అచ్చువేసిన గ్రంథంలో అదే పొలుసు మీద స్త్రీ అవయవాలను కూడా గుర్తించి, పురుషబీజాలు వాటి మెడలోకి దూరడం వర్ణించాడు. వివరాల్లో కొంత పొరపడినా, మూడు వందల ఏళ్లుగా అందరూ వెతుకుతున్న సంయోగం ఎక్కడ జరుగుతుందో ఆయన చూపించాడు.

సిద్ధబీజం విత్తనం కాదు. అందులో పిండం ఉండదు, అది ఒక్క కణమే. తడి నేల మీద పడితే అది మొలిచి ప్రథాంకురం అనే పలుచని పచ్చని పలక అవుతుంది, లిండ్సే చూసిన పొలుసు ఇదే. ఎక్కువ జాతుల్లో ఇది హృదయాకారంలో, సెంటీమీటరు లోపు వెడల్పుతో, చాలా మేరకు ఒక్క కణం మందంతో ఉంటుంది. నేలను పట్టుకోవడానికి కింద సన్నని మూలతంతువులుంటాయి. ఆ తంతువుల మధ్య పురుషబీజాశయాలు, పై నొక్కు దగ్గర స్త్రీబీజాశయాలు పుడతాయి. వాన చినుకో మంచు నీరో పలక అడుగున పొరలా నిలిచినప్పుడు పురుషబీజాశయాలు పగిలి, పదులకొద్దీ కశాభాలున్న మెలికల పురుషబీజాలు ఈదుకుంటూ స్త్రీబీజాశయం వైపు వెళతాయి. వాటిని పిలిచేది మాలిక్ ఆమ్లమని 1884లో విల్‌హెల్మ్ ఫెఫర్ కనుగొన్నాడు. అండం ఫలదీకరణం చెంది సంయుక్తబీజమవుతుంది. దాని నుంచి ఎదిగే మొక్కే అందరికీ తెలిసిన ఫెర్న్. దానికి సొంత వేరు, సొంత ఆకు వచ్చాక ప్రథాంకురం ఎండిపోతుంది.

ఈ విడివిడి పరిశీలనలను ఒక్క సూత్రం కిందికి తెచ్చినవాడు లైప్‌జిగ్‌లో సంగీత గ్రంథాల వ్యాపారి కొడుకు విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. దుకాణం పని చూసుకుంటూ, తెల్లవారుజామున సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. దూరపు చూపు బొత్తిగా తక్కువ, దగ్గరి వస్తువును మాత్రం నిశితంగా చూడగలడు. 1851లో, 27 ఏళ్ల వయసులో, లివర్‌వర్ట్‌లు, మాస్‌లు, ఫెర్న్‌లు, ఈక్విసీటమ్‌లు, సెలాజినెల్లా, శంకుధారి వృక్షాలు అన్నిటినీ పోల్చిన గ్రంథం ప్రచురించాడు. వీటన్నిటిలోనూ రెండు తరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయన్నది అందులోని సారాంశం. సంయోగబీజాలను పుట్టించే తరం సంయోగబీజదం, సిద్ధబీజాలను పుట్టించేది సిద్ధబీజదం. మాస్‌లో పచ్చని మొక్క సంయోగబీజదం, దాని మీద కాడలా లేచే గుళిక సిద్ధబీజదం. ఫెర్న్‌లో ఇది తిరగబడింది: ఆకుల మొక్క సిద్ధబీజదం, చిన్న పలక సంయోగబీజదం. డార్విన్ పరిణామ గ్రంథం రావడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. రొస్టాక్ విశ్వవిద్యాలయం హోఫ్‌మైస్టర్‌కు 1851లోనే గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1863లో హైడెల్‌బెర్గ్ ప్రొఫెసరు పదవికి పిలిచింది.

రెండు తరాల తేడా కణకేంద్రంలోనూ ఉందని 1894లో ఎడువర్ట్ స్ట్రాస్‌బుర్గర్ చూపాడు. సిద్ధబీజాలు క్షయకరణ విభజనతో పుడతాయి కనుక సంయోగబీజదంలో క్రోమోజోముల సంఖ్య సగమే ఉంటుంది, ఫలదీకరణతో మళ్లీ రెట్టింపవుతుంది. మొక్కల్లో కెల్లా ఎక్కువ క్రోమోజోములు ఫెర్న్ వర్గంలోనే ఉన్నాయి. భారతదేశంలోనూ పెరిగే ఓఫియోగ్లాసమ్ రెటిక్యులేటమ్ కణంలో 1,260 వరకు లెక్కపెట్టారు. మనిషికి 46.

తోటమాలులు చూపిన మినహాయింపులు

సూత్రం స్థిరపడ్డాక దాన్ని తప్పించుకునే ఫెర్న్‌లు కూడా కనిపించాయి. 1874లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు విలియం ఫార్లో, తెరిస్ క్రెటికా ప్రథాంకురం నుంచి ఫలదీకరణ లేకుండానే మొక్క మొలవడం గమనించాడు. 1884లో చార్లెస్ డ్రూరీ అనే ఫెర్న్ పెంపకందారు తన లేడీ ఫెర్న్ రకం ఒకటి సిద్ధబీజాల ప్రమేయం లేకుండా, ఆకు మీదనే ప్రథాంకురాలు వేస్తోందని లిన్నియన్ సొసైటీకి తెలిపాడు. ఫ్రెడరిక్ బోవర్ లాంటి శాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించి నిజమని తేల్చారు. వింత ఆకుల కోసం పెంచిన మొక్క అలా ప్రయోగశాలకు పనికొచ్చింది. 1891లో కెండల్ పట్టణంలో మొదలైన బ్రిటిష్ టెరిడలాజికల్ సొసైటీలో పెంపకందారులూ శాస్త్రజ్ఞులూ కలిసే పనిచేశారు.

కిల్లార్నీ ఫెర్న్ కథలో మరో మలుపు ఉంది. 1980ల చివర బ్రిటన్‌లోని చీకటి రాతి పగుళ్లలో, గుహల్లో పచ్చని ఉన్నిలా అల్లుకున్న పోగులు ఆ ఫెర్న్ సంయోగబీజదాలని తేలింది. ఆకుల మొక్క ఆనవాలు కూడా లేని చోట్ల ఈ తరం ఒక్కటే, ముక్కలుగా విడిపోయి పెరుగుతూ, బతుకుతోంది. సేకర్తల కంట పడినది ఒక తరమే, రెండోది వాళ్లకు తెలియనే తెలియదు.

లైకోపోడియం పొడి, క్రకటోవా బూడిద

ఫెర్న్‌లలాగే విత్తనం లేకుండా పుట్టే లైకోపోడియం మొక్కల సిద్ధబీజాలకు వేరే బజారు ఉండేది. నూనె ఎక్కువగా ఉండే ఆ పసుపు పొడి తడి అంటదు, గాలిలో చల్లి నిప్పు పెడితే భగ్గుమంటుంది. మందుల దుకాణాల్లో మాత్రలు ఒకదానికొకటి అంటుకోకుండా పూత పూసేవారు. నాటకశాలల్లో మెరుపు కోసం వాడేవారు. 1807లో ఫ్రాన్స్‌లో నియెప్స్ సోదరులు తమ తొలి అంతర్దహన యంత్రాన్ని దీనితోనే నడిపారు. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ తీసిన మొదటి జిరాక్స్ ప్రతి మీద అక్షరాలు కనిపించింది కూడా ఈ పొడితోనే.

ఇంత వాడకంలో ఉన్న పొడి ఎలా మొలుస్తుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. జావాలోని బోగోర్ తోట అధిపతి మెల్‌కియోర్ ట్రూబ్ 1884లో ఉష్ణమండల జాతి ఒకదాని ప్రథాంకురాన్ని వర్ణించాడు. ఐరోపా జాతులు మరీ మొండివి. వాటి సంయోగబీజదం శిలీంధ్రం తోడుతో నేలలోపలే పెరుగుతుంది. మొలకెత్తడానికే ఆరేడేళ్లు, లైంగిక దశ చేరడానికి పన్నెండు నుంచి పదిహేనేళ్లు పడుతుందని జర్మన్ ఉపాధ్యాయుడు బ్రూక్‌మన్ తేల్చాడు.

సిద్ధబీజం ఎంత దూరం పోగలదో కూడా ట్రూబ్ చూశాడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మీద ప్రాణమన్నది లేకుండా పోయింది. మూడేళ్లకు, 1886లో, ఆయన అక్కడ అడుగుపెట్టేసరికి బూడిద మీద ఎక్కువగా కనిపించినవి ఫెర్న్‌లే. అవి 11 జాతులు, గాలిలో సముద్రం దాటి వచ్చాయి.

విత్తనం దాకా వచ్చిన దారి

కొన్ని విత్తనరహిత మొక్కల్లో సిద్ధబీజాలు రెండు రకాలు. సెలాజినెల్లాలో, నీటి ఫెర్న్‌లైన సాల్వీనియా, అజోల్లాలలో చిన్నవి పురుష సంయోగబీజదాన్ని, పెద్దవి స్త్రీ సంయోగబీజదాన్ని ఇస్తాయి. స్త్రీ సంయోగబీజదం పెద్ద సిద్ధబీజం గోడను పూర్తిగా వదిలి బయటికి రాదు. తెలుగు రైతులు వరి మళ్లలో ఎరువుగా, గుంతల్లో పశువుల మేతగా పెంచే అజోల్లా రోజువారీగా పెరిగేది మాత్రం సిద్ధబీజాలతో కాదు, ముక్కలుగా విడిపోవడం వల్లనే.

ఆ పెద్ద సిద్ధబీజం నేల మీద పడకుండా తల్లి మొక్క మీదనే నిలిచిపోతే, దాని చుట్టూ కవచం ఏర్పడితే, అది విత్తనానికి ముందు మెట్టు. శంకుధారి వృక్షాలను ఫెర్న్‌ల పక్కన నిలబెట్టి హోఫ్‌మైస్టర్ చేసిన పోలిక ఇక్కడికే దారి తీసింది. 1896లో టోక్యోలోని కొయిషికావా తోటలో, బొమ్మలు గీసే ఉద్యోగిగా చేరి సహాయకుడైన సకుగొరో హిరాసే జింగో చెట్టు పుప్పొడి నాళంలో ఈదే పురుషబీజాలను కనుగొన్నాడు. అదే ఏడు సెయిచిరో ఇకెనో సైకస్‌లోనూ వాటిని చూశాడు. విత్తనం ఉన్న మొక్కల్లో కూడా పురుషబీజం నీటిలో ఈదే పద్ధతి మిగిలే ఉందని దీంతో రుజువైంది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఒక ముడి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ అధికారి రిచర్డ్ హెన్రీ బెడోమ్ 1863, 1864లలో దక్షిణ భారత ఫెర్న్‌ల మీద బొమ్మలతో గ్రంథం వెలువరించాడు. 1883లో బ్రిటిష్ ఇండియా ఫెర్న్‌లన్నిటికీ కరదీపిక రాశాడు. ఆయన పేరుతోనే పిలిచే సైకస్ బెడోమీ ప్రపంచంలో ఆంధ్రప్రదేశ్‌లోని తిరుమల, కడప కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. సైకస్ జాతులన్నిటిలో లాగే దాని పురుషబీజాలు కూడా వేలకొద్దీ కశాభాలతో, కంటికి ఆనేంత పెద్దవిగా ఉండి, అండం పైన ఊరే ద్రవంలో ఈదుకుంటూ పోతాయి. ఫెర్న్ ప్రథాంకురం వాన నీటి కోసం ఎదురుచూస్తుంది, సైకస్ ఆ నీటిని తనలోనే ఊరించుకుంటుంది. విత్తనం వల్ల వచ్చిన అసలు మార్పు అదే.